మా ఇంటి ఐదు ఓములు

సంచిక సంపాదకవర్గం నుంచి ఇద్దరు కుర్రాళ్ళు మా ఇంటికి వచ్చి, "పాత విద్యార్థులు కదా సార్, మీ రోజుల్లో కాలేజీ జీవితం గురించి సరదాగా ఏదైనా రాసివ్వండి" అన్నారు. మా రోజుల్లో సరదాలు లేకపోలేదు. బీచిరోడ్డు, మ్యాటినీ ఆటలు, హాస్టల్ మెస్సు సాంబారు... వీటి గురించి నాకంటే బాగా రాయగలవాళ్ళు ఇదివరకే రాసేశారు. నా వాటాకి మిగిలింది రెసిస్టెన్సు ఒక్కటే. అదే రాస్తున్నాను. పేజీ తిప్పేయకండి. లెక్కలు కొన్ని తగులుతాయి గాని, అవి హైస్కూలు భాగాహారం దాటి పోవు. దాటినచోట నేనే చెయ్యిపట్టుకుని దాటిస్తాను.

1983లో నేను ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం. నెట్‌వర్క్స్ పాఠం మధ్యాహ్నం భోజనం తర్వాత మొదటి పీరియడు. కడుపులో మెస్సు అన్నం, కిటికీలోంచి సముద్రపు గాలి. ఇక మేలుకుని ఉండడం మానవమాత్రుడికి సాధ్యమా? అందుకని మా మేష్టారు ఒక ఉపాయం కనిపెట్టారు. వస్తూనే బోర్డు నిండా పద్నాలుగో పదిహేనో రెసిస్టెన్సులు చిందరవందరగా గీసి, రెండు కొసలకి 'ఎ' అనీ 'బి' అనీ పేర్లు పెట్టి, "ఈ రెంటి మధ్యా ఎంత?" అని అడిగేవారు. ముందు చెప్పినవాడు ఆ రోజుకి హాజరు పలక్కుండా వెళ్ళిపోవచ్చు. ఆ ఆశ కొద్దీ క్లాసంతా లేచి కూర్చునేది.

ఆ చిక్కుముళ్ళు విప్పడం నాకు నిజంగానే సరదాగా ఉండేది. ఒకదాని వెనక ఒకటి వరసగా ఉన్నవాటిని కూడేయాలి. పక్కపక్కన ఉన్నవాటిని తలకిందులు చేసి కూడి, వచ్చినదాన్ని మళ్ళీ తలకిందులు చెయ్యాలి. 6 ఓములూ 3 ఓములూ పక్కపక్కన పెడితే వచ్చేది 2 ఓములు. రెంటిలో చిన్నదానికంటే కూడా చిన్నది! ఇది మొదట్లో నాకు మింగుడుపడలేదు. ఒక సెలవుల్లో మా ఊళ్ళో కిరసనాయిలు క్యూలో నిలబడ్డప్పుడు అర్థమయింది. రెండో బల్ల దగ్గర కూర్చున్నవాడు ఎంత బద్ధకస్తుడైనా సరే, వాడు కూర్చోవడంవల్ల క్యూ కాస్తో కూస్తో ముందుకే జరుగుతుంది గాని వెనక్కి నడవదు గదా! పక్కపక్కన ఎంత పెద్ద నిరోధం తెచ్చి కలిపినా మొత్తం తగ్గవలసిందే.

కొన్ని బొమ్మలకి ఈ రెండు సూత్రాలూ చాలవు. ఒక ఘనం గీసి, పన్నెండు అంచులకీ ఒక్కొక్క ఓమ్ పెట్టి, ఒక మూల నుంచి దానికి సరిగ్గా ఎదుటి మూలకి ఎంత అంటారు. వరసా లేదు, పక్కా లేదు. తలపట్టుకున్నాం. మేష్టారు నవ్వి, "మీరు కరెంటయితే ఎటు వెడతారు?" అన్నారు. మొదటి మూల దగ్గర మూడు దారులూ ఒక్కలాంటివే కాబట్టి మూడు సమాన భాగాలవుతుంది. తర్వాత ఒక్కొక్క భాగం రెండుగా చీలి, ఆరో వంతు అవుతుంది. చివర మళ్ళీ మూడో వంతులుగా కలుస్తుంది. మూడో వంతు, ఆరో వంతు, మూడో వంతు కూడితే ఆరింట ఐదు. అంతే జవాబు, ఆరింట ఐదు ఓములు. ఆ రోజు నేను హాజరు పలక్కుండా వెళ్ళలేదు సరిగదా, పీరియడు అయిపోయాక కూడా కాసేపు ఆ బొమ్మ చూస్తూ కూర్చున్నాను.

ఇంకొకటి నిచ్చెన. తీగ పొడవునా ఒక ఓమ్, కిందికి అడ్డంగా ఒక ఓమ్, మళ్ళీ పొడవునా ఒకటి, మళ్ళీ అడ్డంగా ఒకటి, ఇలా అంతులేకుండా. అంతులేని నిచ్చెనకి మొదటి మెట్టు విరగ్గొట్టినా మిగిలేది అంతులేని నిచ్చెనే. కాబట్టి మిగిలినదంతా చెరిపేసి, దాని చోట జవాబునే పెట్టెయ్యొచ్చు. తెలియని జవాబుని లెక్కలో వాడుకుని అదే జవాబు తేల్చడమన్నమాట! వర్గ సమీకరణం చేస్తే 1.618 చిల్లర వస్తుంది. ఈ నిచ్చెన సంగతి గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది. ఎందుకంటే ఊరి కరెంటు లైను అచ్చంగా ఇలాగే ఉంటుంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య తీగ పొడవునా కొంచెం నిరోధం, స్తంభం స్తంభం దగ్గరా అడ్డంగా వేలాడే ఇళ్ళు. చివరి మెట్టు మీద ఉన్నవాడికి ఎప్పుడూ చిక్కని పాలు దక్కవు.

అన్నట్టు, ఈ చిక్కుముళ్ళన్నిటికీ మూలమైన రెండు నియమాలనీ కిర్కాఫ్ 1845లో చెప్పాడు. అప్పటికి ఆయన కోనిగ్స్‌బర్గ్‌లో విద్యార్థి. వయసు 21. మనం ఆ వయసులో ఏం చేశామో ఎవరికి వారు గుర్తుచేసుకుంటే చాలు, ఇక్కడ రాయక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒకరోజు మేష్టారు బోర్డు మీద ఏమీ గీయలేదు. గోడకున్న ప్లగ్గు చూపించి, "దీని వెనకాల ఏముంది?" అన్నారు. "వైరు" అన్నాడొకడు. "వైరు వెనకాల?" స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు, సబ్‌స్టేషను. "దాని వెనకాల?" మాచ్‌ఖండ్, సీలేరు, విజయవాడ థర్మల్. "వీటన్నిటి బొమ్మా గియ్యాలంటే ఎన్ని బోర్డులు కావాలి?" అని, ఒక చిన్న బొమ్మ గీశారు. ఒక వోల్టేజి, దానికి వరసగా ఒక రెసిస్టెన్సు, రెండు కొసలు. "ఈ ప్లగ్గు దగ్గర నిలబడ్డవాడికి ఆ ప్రపంచమంతా ఇంతే" అన్నారు.

దీన్ని థెవెనిన్ సిద్ధాంతం అంటారు. ఆయన ఫ్రాన్సులో టెలిగ్రాఫు శాఖ ఇంజనీరు. 1883లో ప్రకటించాడు. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే, 1853లో, హెల్మ్‌హోల్ట్జ్ ఇదే సంగతి చెప్పాడు గాని పేరు మాత్రం ఈయనకి దక్కింది. వోల్టేజికి బదులు కరెంటుతో ఇదే తుల్యవలయాన్ని రాయవచ్చని అమెరికాలో నార్టన్, జర్మనీలో మేయర్ ఒకరికొకరు తెలియకుండా 1926లో చెప్పారు. థెవెనిన్ కన్నుమూసిందీ ఆ యేడే, మన ఆంధ్రా యూనివర్సిటీ పుట్టిందీ ఆ యేడే. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అయినా నాకు తమాషాగా ఉంటుంది, అందుకని రాశాను.

ఆ రెండు అంకెలూ పట్టుకోవడం చాలా తేలిక. ప్లగ్గుకి ఏమీ తగిలించకుండా కొలిస్తే వచ్చేది వోల్టేజి. తర్వాత తెలిసిన బరువు ఒకటి తగిలించి మళ్ళీ కొలవాలి. ఎంత పడిందో చూస్తే వెనకాల ఉన్న నిరోధం తేలిపోతుంది. ఏ.సి.లో నిరోధం అనకూడదు, ఇంపీడెన్సు అనాలి అని మేష్టారు గొడవ చేస్తారు. హీటరు లాంటి బరువుకీ, ఊళ్ళో సన్నతీగలకీ నిరోధం అనుకుంటే పెద్ద పొరపాటు రాదు.

చివర్లో మేష్టారు ఇంకో మాట అన్నారు. అప్పుడు నేను దాన్ని నోటుబుక్కులో రాసుకున్నాను గాని బుర్రలోకి ఎక్కించుకోలేదు. "10 వోల్టుల బ్యాటరీకి వెయ్యి ఓములవి రెండు వరసగా తగిలించి, ఒకదాని రెండు కొసల నుంచి తీగలు బయటికి లాగండి. దాని తుల్యవలయం 5 వోల్టులు, 500 ఓములు. ఇప్పుడు బయట ఏమీ తగిలించకండి. తుల్యవలయంలో కరెంటు లేదు, చల్లగా ఉంటుంది. అసలుదానిలో మాత్రం 50 మిల్లీవాట్లు కాలిపోతూనే ఉంటుంది. బయట నిలబడ్డవాడికి రెండూ ఒకటే. లోపల ఏం కాలుతోందో, ఎక్కడ కాలుతోందో తుల్యవలయం చెప్పదు. అడక్కండి."

నా ధ్యాస మాత్రం ఆ మాట మీద లేదు. అచ్యుతాపురంలో మా పెరటిగది ప్లగ్గు మీద ఉంది.

ఈనాడు అచ్యుతాపురం అంటే అందరికీ సెజ్ గుర్తొస్తుంది, ఫ్యాక్టరీ బస్సులు గుర్తొస్తాయి. 2022 నుంచి అది అనకాపల్లి జిల్లా. ఆ రోజుల్లో మాది విశాఖ జిల్లాలో ఒక పల్లె. వరి, చెరకు, జీడితోటలు, కొబ్బరి. పూడిమడక నుంచి చేపల గంపలు వచ్చేవి, మా చెరకు బెల్లమై అనకాపల్లి వెళ్ళేది. కొండకర్ల ఆవలో తాటిదోనెలు తిరిగేవి. కరెంటు ఉండేది. ఉండేది అనడమే గాని, దీపాలు పెట్టే వేళకి బల్బులో తీగ ఎర్రగా కనిపించేది.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల మా చిన్నాన్న ఇల్లు. సొంత చిన్నాన్న కాదు, నాన్నకి పెదనాన్న కొడుకు. అయినా ఒక్క కంచంలో తిన్నవాళ్ళు. 1981లో ఆయన బ్యాంకు అప్పు తెచ్చి పిండిమర పెట్టాడు. 5 గుర్రాల మోటారు. అదే ఏడు మా నాన్న నూతిమీద అరగుర్రం మోటారు పెట్టించాడు. మా మోటారు వేస్తే పెరటిగదిలో దీపం గుడ్డిదయ్యేది. మర కూడా తిరుగుతూ ఉంటే మా మోటారు అసలు కదిలేదే కాదు, ముసలి ఎద్దులా మూలిగేది. రెండుసార్లు వైండింగు కాలింది. రెండుసార్లూ దాన్ని గోనెసంచిలో చుట్టి, బస్సుమీద వేసుకుని అనకాపల్లి తీసుకెళ్ళి చుట్టించుకొచ్చాం. రెండోసారి డబ్బు మామ్మ చెవికమ్మలు తాకట్టు పెట్టి తెచ్చాడు నాన్న.

ఇంకేముంది, ఆ మరే మా కరెంటు తాగేస్తోందని నాన్న తీర్మానించుకున్నాడు. మొదట మాటలనుకున్నారు. తర్వాత మాటలు మానేశారు. మా చెల్లి ఓణీల పండక్కి చిన్నాన్న రాలేదు, వాళ్ళ గృహప్రవేశానికి మేం వెళ్ళలేదు. మధ్యలో పిల్లలం రెండిళ్ళల్లోనూ తింటూనే ఉండేవాళ్ళం, అది వేరే సంగతి.

1984 సంక్రాంతికి ముందు నాన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది. పండక్కి వచ్చేటప్పుడు, కరెంటాఫీసు పెద్ద ఇంజనీరుగారికి ఇంగ్లీషులో గట్టిగా ఒక అర్జీ రాసుకుని రమ్మని. మర కనెక్షను పీకించే దాకా నిద్రపోనని. నాకు ఉత్సాహం వచ్చింది. నిజం చెప్పాలంటే చిన్నాన్న మీద నాకేం కోపం లేదు. చదివిన సిద్ధాంతాన్ని కోర్టులో సాక్షిలా నిలబెట్టే అవకాశం వచ్చిందని సంబరం. ల్యాబులో అటెండరుగారిని బతిమాలి, అరిసెలు తెస్తానని ఒట్టేసి, ముల్లు మల్టీమీటరు ఒకటి మూడు రోజులకి అరువు తెచ్చాను. హాస్టల్లో వార్డెనుకి కనిపించకుండా దాచుకున్న వెయ్యి వాట్ల హీటరు ట్రంకులో పెట్టాను. బస్సులో అనకాపల్లి దాటేసరికి అర్జీ చిత్తుప్రతి సగం అయిపోయింది. మరవల్ల వోల్టేజి ఎంత పడుతోందో రాయడానికి ఒక ఖాళీ వదిలాను.

పండగ ముందు రోజులు. అరిసెల పిండికి ఊరంతా తడిబియ్యం పట్టుకుని మర దగ్గర వరస కట్టారు. మర పొద్దుణ్ణుంచి ఆగలేదు. ఇంతకంటే మంచి సమయం దొరకదని, దీపాలు పెట్టాక పెరటిగదిలో ప్లగ్గు దగ్గర కూర్చున్నాను. నాన్న లాంతరు పట్టుకుని వెనకాలే నిలబడ్డాడు.

ఏమీ తగిలించకుండా 210 వోల్టులు. హీటరు తగిలిస్తే 192. ముల్లు ఊగుతోందని ఐదుసార్లు చూశాను. వెయ్యి వాట్ల హీటరంటే 53 ఓములు అనుకోండి. 210ని 192తో భాగించి, ఒకటి తీసేసి, 53తో గుణిస్తే వచ్చేది 5 ఓములకి వెంట్రుకవాసి తక్కువ. అర్జీ కాగితం వెనకవైపే లెక్క చేశాను.

"ఐదు ఓములు నాన్నా!"

"అంటే ఏటిరా?"

"మన ప్లగ్గు వెనకాల ఉన్న నిరోధం. ఇంత ఉండకూడదు. మోటారు కదిలేటప్పుడు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఈ ఐదు ఓముల్లోనే డెబ్భై, ఎనభై వోల్టులు పోతాయి. మిగిలిన దాంతో అదెలా తిరుగుద్ది? వోల్టేజి సగమైతే మోటారు బలం పావువంతే. తిరగలేక కాలిపోద్ది."

"అదంతా ఆడి మరే కదా?"

అవునన్నాను. అనేశాను. ఆ మాట ఇప్పటికీ నాకు వినిపిస్తూ ఉంటుంది.

అర్జీలో ఖాళీ నింపాలంటే మర ఆగాక కూడా కొలవాలి గదా. రాత్రి తొమ్మిది దాటాక మర చప్పుడు ఆగింది. మళ్ళీ ప్లగ్గు దగ్గర కూర్చున్నాను. ఏమీ తగిలించకుండా 218. బాగుంది, మర తిన్నది 8 వోల్టులు. ఖాళీలో 8 వేశాను. ఎందుకైనా మంచిదని హీటరు కూడా తగిలించి చూశాను. 199. లెక్క చేశాను. మళ్ళీ 5 ఓములు!

మర ఆగింది, ఐదు ఓములు అలాగే ఉన్నాయి.

కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మర తిరిగినా ఆగినా వోల్టేజి మారుతోంది గాని, నిరోధం మారడం లేదు. అంటే ఆ ఐదు ఓములూ మరవి కావు. మరెవరివి? అప్పుడు గుర్తొచ్చింది మేష్టారి చివరి మాట. ఈ కొసల దగ్గర కూర్చుని వెయ్యేళ్ళు కొలిచినా, ఆ ఐదు ఓములు ఎక్కడున్నాయో తెలియదు. ట్రాన్స్‌ఫార్మరులో ఉన్నా, స్తంభం మీద ఉన్నా, నా ముక్కు ముందు గోడలో ఉన్నా ముల్లు ఒకటే అంకె చూపిస్తుంది. తెలియాలంటే కొసలు మార్చాలి. నిచ్చెన మీద ఒక మెట్టు ముందుకి జరిగి, అక్కడ కొలవాలి.

మర్నాడు సాయంత్రం మర తిరుగుతుండగా, వీధిగుమ్మం దగ్గర మీటరుబోర్డు మీద కొలిచాను. 210. హీటరు అక్కడే తగిలిస్తే 206. లెక్క చేస్తే ఒక ఓమ్.

మాచ్‌ఖండ్ నుంచి, సీలేరు నుంచి, కొండలు దిగి, సబ్‌స్టేషన్లు దాటి, మా ఊరి నిచ్చెన చివరి మెట్టు దాకా మొత్తం అంతా కలిపి ఒక్క ఓమ్. మిగిలిన నాలుగు ఓములూ మా వీధిగుమ్మానికీ పెరటిగదికీ మధ్య, మా ఇంట్లో ఉన్నాయి.

ఇరవై మీటర్ల తీగ పోనూ రానూ లెక్కేసినా అర ఓమ్ మించదు. తక్కిన మూడున్నర ఓములూ ఏదో ఒకచోట ముద్దగా కూర్చున్నాయి. హీటరు వేసినప్పుడు పోయే కరెంటు 3.6 ఆంపియర్లు. వర్గం చేసి మూడున్నరతో గుణిస్తే 45 వాట్లు. నలభై క్యాండిల్ బల్బు మీద చెయ్యి పెట్టి చూశారా ఎప్పుడైనా? ఆ వేడంతా శనగగింజంత చోట. ఎక్కడ? ఆ మాట అనుకోగానే నా వెన్ను చల్లబడింది. ముందిల్లు పెంకుటిల్లే గాని, పెరటిగది తాటాకు కప్పు. ఆ గదిలో మామ్మ పడుకుంటుంది.

మామ్మని అడిగాను. ఆవిడ వత్తులు చేసుకుంటూ తల ఎత్తకుండా, "నాను యాడాది నుంచి సెబుతున్నాను, ఇనేవోడేడీ? మోటారేస్తే అరుగుమీద దీపానికి ఏటీ అవదు. నా గదిలోదే గుడ్డిదౌద్ది. గోడ మీద ఆకు కాడ కమురుకంపు" అంది.

చూశారా! అరుగుమీద దీపం మీటరుబోర్డు పక్కన ఉంది, గదిలో దీపం ఆ పాడు జాగాకి అవతల ఉంది. రెండు కొసల దగ్గర కొలిచి తేడా పట్టుకోవడం మామ్మ చేసేసింది, మీటరు లేకుండా, థెవెనిన్ లేకుండా. నేను ఇంజనీరింగు రెండేళ్ళు చదివి, అరువు మీటరు తెచ్చి, రెండు సాయంత్రాలు కూర్చుంటే గాని ఆవిడ చెప్పినచోటికి రాలేదు.

ఇక నాన్నకి చెప్పాలి. ఇక్కడే ఉంది కష్టం. 1979లో పెరటిగది వేసినప్పుడు, వైర్‌మాన్‌కి డబ్బు దండగని, ఆ గదికి తీగ లాగింది నాన్నే. పాత ఇంటి వైరు రాగిది. చేతిలో మిగిలిన ముక్క అల్యూమినియంది. రెండూ మెలేసి, పైన నల్లటేపు చుట్టాడు. చుట్టిననాడు బాగానే ఉంటుంది. అల్యూమినియం మీద గాలి తగలగానే సన్నటి తుప్పుపొర కడుతుంది, ఆ పొరలోంచి కరెంటు పోదు. రాగితో కలిసి, దానికి మా ఊరి ఉప్పుగాలి చెమ్మ తోడైతే ఇంకా తొందరగా తినేస్తుంది. వేడెక్కినప్పుడల్లా రెండు లోహాలూ వేరువేరుగా సాగి, మెలి వదులవుతుంది. వదులైనకొద్దీ నిరోధం, నిరోధమైనకొద్దీ వేడి. ఇవన్నీ నాన్నకి ఎలా చెప్పను? రెండేళ్ళుగా ఆయన తమ్ముడి మీద పెంచుకున్న పగ తను చుట్టిన టేపు కింద ఉందని ఏ నోటితో చెప్పను?

చెప్పాను. లెక్క కాగితం చూపించి చెప్పాను. నాన్న కాగితం రెండువైపులా తిప్పి చూశాడు. ఒకవైపు ఇంగ్లీషు అర్జీ, ఒకవైపు నా భాగాహారాలు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి ఆ ఎనిమిది ఓల్టులూ?" అన్నాడు.

"అవి మరవే నాన్నా. 8 చిన్నాన్నవి. హీటరేస్తే 4 లైనువి. 14 మనవి."

"ఎనిమిది ఉన్నాయి కదా" అన్నాడు మళ్ళీ, అలవాటుగా. అని, గది కప్పుకేసి చూశాడు. మామ్మ మంచం కేసి చూశాడు. లేచి వెళ్ళి మంచం తనే ముందింట్లోకి లాగేశాడు. మోటారు వెయ్యొద్దని అమ్మకి చెప్పాడు.

మెలి ఉన్నది గోడ తలమీద, దూలానికీ ఆకుకీ మధ్య. అక్కడికి ఎక్కాలంటే నిచ్చెన కావాలి. మా వీధిలో అంత పొడుగు నిచ్చెన ఉన్నది ఒక్క ఇంట్లోనే. ఆ ఇల్లెవరిదో మీకు చెప్పక్కర్లేదు.

"నువ్వెళ్ళి అడుగు. నానడిగానని సెప్పకు" అన్నాడు నాన్న.

వెళ్ళాను. చిన్నాన్న ఒళ్ళంతా పిండి, కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. "ఎందుకురా నిచ్చెన?" అన్నాడు. చెప్పాను. అర్జీ సంగతి కూడా చెప్పేశాను, దాచబుద్ధి కాలేదు. మర ఆపాడు. బియ్యం గిన్నెలతో నిలబడ్డ ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. నిచ్చెన ఒక కొస నాకిచ్చి, రెండో కొస తను పట్టుకుని మా ఇంటికి నడిచాడు.

తర్వాత ఒక అరగంట ఆ గదిలో జరిగిన సంభాషణంతా నాగుండానే జరిగింది. చిన్నాన్న గుమ్మంలో నిలబడి, "ఒరే, మెయిన్ తీసారేమో మీ నాన్ననడుగు" అంటాడు. నాన్న మూడడుగుల దూరంలో ఉండి, "తీసానని సెప్పు" అంటాడు. "కింద నిచ్చెన పట్టుకోమను." "పట్టుకున్నానని సెప్పు." నేను మధ్యలో ఆ మాటలే మళ్ళీ అంటున్నాను. నేనెక్కబోతే చిన్నాన్న చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, తనే ఎక్కాడు.

టార్చిలైటు వేసి ఆకు పక్కకి తప్పించాడు. టేపు లేదు, నల్లటి బొగ్గులాంటి ముద్ద ఉంది. దానికి ఆనుకున్న తాటాకు అరచేతి మేర మాడి, ముట్టుకుంటే రాలిపోతోంది. చిన్నాన్న ఆ రాలిన ఆకుని పిడికిట్లో పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాడు. ఆ నిశ్శబ్దంలో నాకు మామ్మ దగ్గు వినిపించింది, ముందింట్లోంచి.

"అన్నియ్యా" అన్నాడు, నాతో కాదు. "ఇది సూసేవా?"

"సూసేను" అన్నాడు నాన్న. "జాగర్త, కాలు అంచున ఉంది. కిందికి జరుపు."

మాడిన ముక్క కత్తిరించి, పింగాణీ కనెక్టరులో మరలు బిగించి రెండు తీగలూ కలిపాం. ఆ కనెక్టరు చిన్నాన్న మరలోదే, ఎప్పుడో అదనంగా కొన్నది. మెయిన్ వేశాక నేను మళ్ళీ ప్లగ్గు దగ్గర కూర్చున్నాను. మర ఇంకా ఆపే ఉంది. అప్పుడు నాన్న, "ఆపి సూస్తే ఏటి లాభం, మర ఏసుకో మను. జనం నిలబడి ఉన్నారు" అన్నాడు. ఎవరితో అన్నాడో నాకు తెలియలేదు. నేనేమీ మళ్ళీ అనకముందే చిన్నాన్న వెళ్ళిపోయాడు. కాసేపటికి మర చప్పుడు మొదలైంది.

ఏమీ తగిలించకుండా 210. హీటరుతో 204, 205 మధ్య. ఒకటిన్నర ఓమ్ కంటే కొంచెం తక్కువ. మర తిరుగుతుండగానే నూతిమీద మోటారు వేశాం. ఒకసారి మూలిగి, తిరిగింది.

నిచ్చెన ఆ రాత్రి మా పెరట్లోనే ఉండిపోయింది. తెల్లారి భోగిమంట దగ్గర చిన్నాన్న దాని కోసం వచ్చాడు. నాన్న టీ ఇమ్మని అమ్మకి చెప్పి, "ఆ ఎనిమిది ఓల్టులూ ఏటి సేద్దారంటావు?" అని అడిగాడు. ఇద్దరూ అరుగుమీద కూర్చుని, కరెంటాఫీసుకి ఇద్దరి సంతకాలతో అర్జీ పెట్టి, మా వీధి చివరికి ఇంకో ట్రాన్స్‌ఫార్మరు అడుగుదామని మాట్లాడుకున్నారు. దాన్ని ఇంగ్లీషులో రాయడం మళ్ళీ నాకే పడింది. కాగితం మాత్రం కొత్తది తెచ్చుకున్నాను. అరిసెలు అటెండరుగారికి పట్టుకెళ్ళాను, రెండిళ్ళవీ.